చదువుల గుడిలో చెర

1991 వ సంవత్సరం జూలై 13 వ తేదీ రాత్రి కెన్యా దేశపు మేరు ప్రాంతంలో, సెయింట్ కిజిటో అనే ఉన్నత పాఠశాలలో జరిగిన ఘోరం ఎన్ని ఏండ్లు గడిచినా మాసిపోని మరక. అది మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదువుకునే బడి. ఉభయులకూ అక్కడనే వేరువేరు వసతిగృహాలు. ఆటల పోటీల రుసుము విషయమై యాజమాన్యం మీద ఆగ్రహించి మగపిల్లలు సమ్మె తలపెట్టారు. ఆ సమ్మెలో చేరడానికి ఆడపిల్లలు ఒప్పుకోలేదు. వారు చేసిన అపరాధం అదొక్కటే. నడిరేయి మగపిల్లల గుంపు బాలికల వసతిగృహం మీద విరుచుకుపడింది. తెల్లవారేసరికి 19 మంది బాలికలు విగతజీవులై ఉన్నారు. 71 మంది మానభంగానికి గురి అయ్యారు. చనిపోయినవారిలో పలువురు ప్రాణభీతితో ఒకే గదిలోకి చొరబడి, ఆ తొక్కిసలాటలో ఊపిరాడక అసువులు బాసినవారు.

ఇంతటి దారుణానికి అనుబంధంగా ఒక మాట చరిత్రకెక్కింది. మగపిల్లలకు ఆడపిల్లలకు కీడు చేద్దామనే ఉద్దేశం ఏమీ లేదనీ, చెరచాలని మాత్రమే అనుకున్నారనీ ఆ పాఠశాలకు చెందిన ఒక అధికారిణి చెప్పినట్లు ఆనాటి పత్రికలు ప్రకటించాయి. అన్నది స్త్రీ, అందులోనూ విద్యాబుద్ధులు నేర్పే స్త్రీ. ఆమెను రాక్షసి అని నిందించి తృప్తిపడడం తేలిక. కాని ఆమె ఆ క్షణాన కొత్తగా కల్పించి చెప్పినది ఏమీ లేదు. ఆ బడి గోడల మధ్య అందరూ నమ్ముతూ వచ్చినదానినే, దాచుకోవాలనే తెలివి లేక, పైకి అన్నది. చెరచడం కీడు కాదు, అది మగపిల్లల చాపల్యం. చావు మాత్రమే కీడు. ఈ తర్కం ఒక్క రాత్రిలో పుట్టేది కాదు. ఏండ్ల తరబడి, తరగతి వెంట తరగతిగా నేర్పితే తప్ప అది ఒంటబట్టదు.

ఆ పాఠశాలకు పెట్టిన పేరును తలచుకుంటే విధి పరిహాసం ఎంత క్రూరంగా ఉండగలదో తెలుస్తుంది. కిజిటో అన్నవాడు ఉగాండా క్రైస్తవ అమరవీరులలో అందరికంటె పిన్నవాడు, పద్నాలుగేండ్ల బాలుడు. 1886 లో బుగాండా రాజు మ్వాంగా కొలువులో పరిచారకుడుగా ఉంటూ, మతం విడువనందుకూ, రాజు కామవాంఛకు లొంగనందుకూ నముగొంగోలో సజీవదహనం పాలయినాడని ఆ మతస్థుల చరిత్ర చెబుతున్నది. అధికారంలో ఉన్నవాడు పిల్లవాని శరీరం మీద హక్కు చాటుకోబోగా కాదన్న బాలుని పేరు ఆ బడి తలుపు మీద ఉన్నది. దాని లోపల జరిగినది ఇది. ఘోరం తరువాత చేసిన దిద్దుబాటు కూడ గమనింపదగినదే. ఆడపిల్లలను అక్కడి నుంచి తొలగించి దానిని మగపిల్లల బడిగా మార్చారు. పేరు కూడ మార్చారు. దోషం ఆడపిల్లల ఉనికిలోనూ, ఒక పేరులోనూ ఉన్నదని తేల్చినట్లయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆఫ్రికా అనేది ఒక ఊరు కాదు, ఒక దేశమూ కాదు. 54 దేశాలు, వేలకొలది భాషలు. ఒకప్పుడు తెల్లదొరలు దానికి చీకటి ఖండమని పేరు పెట్టి, ఆ చీకటిని వదిలించే నెపంతో దానిని దోచుకున్నారు. ఈ విషయాలు చదివే తెలుగు పాఠకుడు ఆ దొరల కళ్ళద్దాలు తగిలించుకోనక్కర లేదు. బడిలోనూ వసతిగృహంలోనూ పసిపిల్లలకు రక్షణ కరవైనందువల్లనే భారతదేశం సయితం 2012 లో ప్రత్యేక శాసనం చేసుకోవలసి వచ్చింది. ఆ శాసనంలో విద్యాసంస్థల సిబ్బంది చేసే నేరాన్ని మరింత తీవ్రమైనదిగా పరిగణించవలసి వచ్చింది. పైగా ఆఫ్రికా బడుల సంగతి లోకానికి ఇంతగా తెలియడానికి కారణం ఆఫ్రికా స్త్రీలే. అక్కడి పరిశోధకురాండ్రు, న్యాయమూర్తులు, పత్రికా రచయిత్రులు, తుదకు బాలికలు నోరు విప్పబట్టి తెలిసింది. ఇల్లు ఊడ్చి చెత్త వాకిట పోసిన ఇల్లాలిని చూసి, ఊరంతటిలో మురికి ఇల్లు ఇదేనని తీర్మానించడం అవివేకం.

దక్షిణాఫ్రికాలో 1998 లో జరిగిన జనాభా ఆరోగ్య సర్వేలో 11,735 మంది స్త్రీలను ప్రశ్నించారు. పదిహేనేండ్లు నిండకముందే అత్యాచారానికి గురి అయినట్లు చెప్పినవారు వందకు ఇద్దరి కంటె తక్కువే. కాని ఆ చెప్పినవారిలో 33 శాతం మంది, అనగా ముగ్గురిలో ఒకరు, తమను చెరచినవాడు బడిపంతులని చెప్పారు. దారిన పోయే దుండగీడు కాదు, తాగుబోతు పొరుగువాడు కాదు. తల్లి ఉదయాన్నే జడ వేసి, యూనిఫారం తొడిగి, ఎవరి దగ్గరకు పంపుతున్నదో ఆతడు. 2001 లో ఆ దేశపు మూడు రాష్ట్రాల బడులలో విచారణ జరిపి మానవహక్కుల సంస్థ ఒకటి వెలువరించిన నివేదికలో మరొక విశేషం ఉన్నది: జరిగినది చెప్పుకున్న బాలికలలో చాలామందికి ఆ తరువాత బడిలో కాలు నిలువలేదు. ఆరోపణకు గురి అయినవారు తరచు అదే తరగతిలో, అదే బల్ల ముందర కొనసాగారు.

ఈ పాపానికి తొలిమెట్టు ఎక్కడ ఉన్నది? 2003 లో ఘానా, మలావి, జింబాబ్వే దేశాల బడులను గూర్చి వెలువడిన ఒక పరిశోధన ఈ ప్రశ్నకు ఆశ్చర్యకరమైన సమాధానం ఇస్తున్నది. చీపురులో ఉన్నది, నీళ్ళబిందెలో ఉన్నది. ఆఫ్రికాలోని అనేక గ్రామాలలో ఉపాధ్యాయుని ఇల్లు బడి ఆవరణలోనో, బడి పక్కనో ఉంటుంది. తరగతి గది ఊడ్చేది ఆడపిల్ల. అయ్యవారి ఇంటికి నీళ్ళు మోసేది, అంట్లు తోమేది, ఆయన బట్టలు ఉతికేది, పుస్తకాల కట్ట మోసుకుని ఆయన గడప దాకా పోయేది ఆడపిల్ల. ఇది ఎవరికీ తప్పుగా తోచదు. పని నేర్చుకుంటున్నదని తల్లి సంతోషిస్తుంది. బడి దానిని క్రమశిక్షణ అంటుంది. తెలుగు పల్లెలు ఎరిగినవారు దీనికి పెట్టే పేరు వెట్టి. వెట్టి చేసే పిల్లకు ఎదురు చెప్పడం రాదు. పిలిస్తే పోవాలి, పొమ్మంటే రావాలి. ఒకనాడు అయ్యవారు తలుపు వేస్తే, అది కూడ ఆ పనులలో ఒకటేమోననే సందిగ్ధంలో ఆ పసిమనస్సు పడిపోతుంది. నిన్నటి దాకా మంచి పిల్ల అనిపించుకున్నది ఏ వినయం చేతనో, ఆ వినయమే ఆమెను కట్టి పడవేస్తుంది.

జాంబియాలో 2006 లో పదమూడేండ్ల బాలిక ఒకతె ఉపాధ్యాయుడు రమ్మంటే పాత పరీక్ష పత్రాలు తెచ్చుకోవడానికి ఆయన ఇంటికి వెళ్ళింది. అక్కడ అత్యాచారానికి గురి అయింది. పరీక్షలో నెగ్గాలని పాత ప్రశ్నలు చదవబోయిన పిల్ల అది. ఇంతకంటె చదువు మీద శ్రద్ధ ఏ విద్యార్థి చూపగలదు? ఆమె తరఫున వేసిన వ్యాజ్యంలో 2008 లో లుసాకా హైకోర్టు తీర్పు చెబుతూ, ఉపాధ్యాయుడు తల్లిదండ్రుల స్థానంలో ఉన్నవాడనీ, అతని దుష్కృత్యానికి ప్రభుత్వమూ బాధ్యత వహించవలసినదేననీ నిర్ణయించి, ఆనాటి నాణెంలో 4 కోట్ల 50 లక్షల క్వాచాల పరిహారం విధించింది.

పల్లెటూరి పంతులుకు ఇంతటి ప్రాభవం ఎక్కడిదని అడగవచ్చు. నెల తిరిగేసరికి రొక్కం చేతపట్టే జీతగాడు ఆ ఊళ్ళో అతడొక్కడే అయి ఉండవచ్చు. అక్షరం వచ్చినవాడు, అర్జీ రాసిపెట్టేవాడు, పిల్లను పై తరగతికి పంపేవాడు, నిలిపివేసేవాడు అతడే. ఇంటి పనుల వల్లనో, దూరాభారం వల్లనో, ఫీజుకు డబ్బు చాలకనో ఆలస్యంగా బడిలో చేరిన ఆడపిల్ల ప్రాథమిక తరగతులు దాటకముందే యుక్తవయస్కురాలవుతుంది. ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయినులు బహుకొద్ది. చెప్పుకోవడానికి తోడు లేదు. చెప్పుకుంటే పెద్దమనుష్యులు కూర్చుని, తండ్రికి కొంత సొమ్మో పశువులో ఇప్పించి సర్దుబాటు చేయడం కద్దు; లేదా ఆ పంతులుకే ఇచ్చి పెండ్లి చేయడం కద్దు. నష్టపోయినది పిల్ల, పరిహారం పుచ్చుకునేది తండ్రి.

పై చదువులకు పోయినంత మాత్రాన ఈ పీడ వదలదు. ఫ్రెంచి మాట్లాడే పడమటి ఆఫ్రికా దేశాల విద్యార్థులు, సుఖవ్యాధులకు వైద్యులు వాడే మూడక్షరాల సంక్షిప్త నామాన్ని తీసుకుని పరీక్ష మార్కులకు అంటగట్టారు: శయ్య మీద సంక్రమించే మార్కులు అని దాని భావం. విని నవ్వేవారు నవ్వుతారు. బాధ ఎంత పాతబడితే జనం దాని మీద ఇటువంటి ఛలోక్తి విసురుతారో ఆలోచించేవారికి నవ్వు రాదు. 2019 అక్టోబరులో బి.బి.సి. విలేఖరిణులు మారువేషాలలో వెళ్ళి లాగోస్, ఘానా విశ్వవిద్యాలయాల ఆచార్యుల నడవడిని రహస్యంగా చిత్రించి బయటపెట్టినప్పుడు దేశాలు దిగ్భ్రాంతి నటించాయి. విద్యార్థినులకు అందులో కొత్త ఏమీ కనిపించి ఉండదు.

ఇక శిక్షల సంగతి. శాసనాలు లేవనడానికి వీలులేదు. దక్షిణాఫ్రికా 2000 లోనే తన ఉపాధ్యాయ శాసనాన్ని సవరించి, తాను పనిచేసే బడిలోని విద్యార్థినితో లైంగిక సంబంధం పెట్టుకున్న ఉపాధ్యాయుని ఉద్యోగం నుంచి తొలగించి తీరాలని విధించింది. కెన్యా 2006 లో లైంగిక నేరాల శాసనం చేసింది. 2010 లో ఆ దేశపు ఉపాధ్యాయ సర్వీసు కమిషన్, రెండేండ్ల కాలంలో బాలికలపై దురాగతాలకు పాల్పడిన వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తొలగించినట్లు వెల్లడించింది. ఈ సంఖ్య చూసి గుండె చెదరడం సహజమే. కాని ఇది బయటపడ్డ సంఖ్య. తొలగింపు దాకా వచ్చిన సంఖ్య. అంతకు ముందు ఎన్ని ఏండ్లు ఎందరు బదిలీ మీద బతికిపోయారో! బదిలీ అనే మందు ప్రభుత్వ శాఖలన్నింటికీ ప్రియమైనది. దానితో ఈ ఊరి రోగం ఆ ఊరికి పోతుంది; దస్త్రంలో మాత్రం రోగం కుదిరినట్లు ఉంటుంది. 2015 లో కెన్యా హైకోర్టు న్యాయమూర్తి ముంబి ఎన్గుగి ఇద్దరు బాలికల వ్యాజ్యంలో తీర్పు ఇస్తూ ఈ అలవాటు మీదనే కొరడా ఝళిపించారు. పిల్లలను చెరచే ఉపాధ్యాయులను ఒక బడి నుంచి ఇంకొక బడికి మార్చుతూ పోయి, చివరకు కొలువు తీసివేసి చేతులు దులుపుకోవడం తగదన్నారు. ఆ ఉపాధ్యాయునితో పాటు కమిషనూ ప్రభుత్వమూ పరిహారానికి బాధ్యులేనని తీర్మానించారు.

శిక్ష ఎంత కఠినమైనా అది జరిగినదాని తరువాత వచ్చేది. జరగడానికి ముందు వచ్చేది పాఠ్యపుస్తకం. వలస ప్రభుత్వాల నాటి మిషనరీ బడులలో మగపిల్లలకు గుమాస్తా చదువు, ఆడపిల్లలకు సూదీ దారమూ, వంటా వార్పూ నేర్పేవారు; గుమాస్తాకు తగిన భార్యను తయారు చేయడమే బాలికా విద్య. స్వాతంత్ర్యం వచ్చింది, జెండాలు మారాయి. బొమ్మల వాచకాలలో తల్లి మాత్రం చాలాకాలం పొయ్యి దగ్గరనే ఉండిపోయింది. తండ్రి బండి నడుపుతాడు, వైద్యం చేస్తాడు, న్యాయం చెబుతాడు. అక్క నీళ్ళు తెస్తుంది. లెక్కలు మగవాడి సబ్జెక్టు అని అయ్యవారు ఎగతాళిగా అన్న ఒక్క మాట, అక్షరాలు దిద్దించే నూరు పాఠాల కంటె లోతుగా దిగుతుంది.

జింబాబ్వే రచయిత్రి సిట్సి డాంగారెంబ్గా 1988 లో ప్రచురించిన ‘నెర్వస్ కండిషన్స్’ నవలలో ఈ సంగతి ఎంతో నిబ్బరంగా చిత్రితమయింది. రొడీషియా పల్లెలో టాంబు అనే బాలికకు ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదంటారు. ఆమె తానే మొక్కజొన్న వేసి, కాపు కాసి, ఆ కంకులమ్మి చదువుకోవాలని పూనుకుంటుంది. ఆ కంకులను దొంగిలించి స్నేహితులకు పంచిపెట్టినవాడు వేరెవడో కాదు, తోడబుట్టిన అన్న. ఆ అన్న చనిపోయిన తరువాత గాని మిషన్ బడి తలుపు ఆమెకు తెరుచుకోదు. ఈ నవలలో అన్నను దుష్టుడుగా చూపించి చేతులు దులుపుకోలేదు రచయిత్రి. చెల్లెలి పంట తనది కాదని వానికి ఎవ్వరూ చెప్పలేదు. వాడు ఎరిగిన లోకంలో అది వానిదే. సెయింట్ కిజిటో మగపిల్లలకూ ఈ కంకులు దొంగిలించిన బాలునికీ మధ్య దూరం చాలా ఉన్నది. కాని ఇరువురూ చదువుకున్న వాచకం ఒక్కటే.

ఈ సంబంధాన్ని గుర్తించి శాసనంలోకి ఎక్కించినవారు ఆఫ్రికావారే కావడం విశేషం. 2003 జూలైలో ఆఫ్రికా సమాఖ్య మపూటో నగరంలో ఆమోదించిన స్త్రీ హక్కుల ఒడంబడిక విద్యను గూర్చిన 12 వ అధికరణంలో, పాఠ్యపుస్తకాలలోనూ పాఠ్యప్రణాళికలలోనూ స్త్రీని చిన్నబుచ్చే మూసభావాలను తొలగించాలనే విధిని పెట్టి, దాని పక్కనే బడులలో లైంగిక వేధింపు నుంచి బాలికలను కాపాడాలనే విధిని పెట్టింది. రెండూ ఒకే అధికరణం; ఒకదాని వెనుక ఒకటి. బొమ్మల వాచకానికీ పంతులుగారి ఇంటి తలుపుకూ ఏమి సంబంధమని ఆక్షేపించే పండితులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. వారు చదవవలసిన పుట అది.

కాగితం మీది అధికరణానికి ప్రాణం పోసే పని కొందరు స్త్రీలు అంతకు మునుపే మొదలుపెట్టారు. ఆఫ్రికా దేశాల విద్యాశాఖలను నిర్వహిస్తున్న ఐదుగురు మహిళా మంత్రులు చేరి 1992 లో ఒక వేదిక స్థాపించారు. దాని కేంద్రం నైరోబీ. ఆ వేదిక తోడ్పాటుతో 1996 లో టాంజానియాలో దారెస్సలాం విశ్వవిద్యాలయపు నాటకశాఖవారు ఒక ప్రయోగం చేశారు. స్వాహిలీ భాషలో దాని పేరు ‘టుసెమే’. మాట్లాడుదాం అని అర్థం. దీనికి సారథ్యం వహించిన పెనీనా మ్లామా స్వయంగా స్వాహిలీ నాటకకర్త్రి. పద్ధతి సులభమైనది. బడిలోని బాలికలు తమకు అడ్డు వస్తున్నవి ఏమిటో తామే చర్చించుకుంటారు. వాటిని నాటకంగా కూర్చుకుంటారు. ఉపాధ్యాయుల ముందరా, తోటి మగపిల్లల ముందరా ఆడి చూపుతారు. ఆ తరువాత చర్చ. బడి చాకిరీ బాలికలకే వచ్చి పడడం, పరీక్షలో తప్పిస్తానని బెదిరించే అయ్యవారు, దారి కాచే కుర్రవాళ్ళు, అందరూ రంగస్థలం మీదకు వస్తారు. వేదిక దిగి చెప్పలేని మాట పాత్ర నోట చెప్పగలగడం లోకంలో నాటకం పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. తన పాత్రను తానే చూసుకుంటూ ముందు వరుసలో కూర్చున్న ఉపాధ్యాయుడు లేచి పోలేడు, లేచి పోతే గుర్తుపడతారు. మగపిల్లలు కూడ మొదట నవ్వి, తరువాత నిశ్శబ్దమై, తరువాత చర్చలో పాల్గొన్నారు. ఆ ప్రయోగం క్రమంగా పలు ఆఫ్రికా దేశాలకు పాకింది.

అదే టాంజానియాలో, మాట్లాడుదాం అనే మాట పుట్టిన ఇరవై ఒక్క సంవత్సరాలకు, 2017 జూన్‌లో అధ్యక్షుడు జాన్ మగుఫులి చాలింజె సభలో చెప్పిన మాట వేరు. తాను పదవిలో ఉన్నంత కాలం గర్భవతి అయిన విద్యార్థిని మళ్ళీ బడి గడప తొక్కడానికి వీలులేదన్నాడు. లెక్కలు చేస్తూ మధ్యలో బిడ్డకు పాలివ్వాలని లేచిపోతుందని పరిహాసం చేశాడు. ఆయన పూర్వాశ్రమంలో లెక్కలూ రసాయన శాస్త్రమూ చెప్పిన బడిపంతులు. విద్యార్థినిని గర్భవతిని చేసినవానికి ముప్పయి సంవత్సరాల కారాగారం విధించే శాసనం అంతకు ముందటి సంవత్సరమే ఆ దేశంలో వచ్చింది. అయితే ఆ శిక్ష పడాలంటే సాక్ష్యం కావాలి, విచారణ జరగాలి. బాలికను గెంటివేయడానికి పొట్ట ఒక్కటే సాక్ష్యం. సియెర్రా లియోన్‌లోనూ ఇదే జరిగింది. ఎబోలా మహమ్మారి వల్ల బడులు నెలల తరబడి మూతపడిన కాలంలో వేలకొలది బాలికలు గర్భవతులయ్యారు. 2015 లో బడులు తెరిచినప్పుడు వారికి ప్రవేశం నిషేధించారు. ఏ పరిస్థితులలో వారు గర్భవతులయ్యారో, అందులో ఎందరు ఇష్టపూర్వకంగా అయ్యారో విచారించిన పాపాన పోలేదు. 2019 డిసెంబరులో పడమటి ఆఫ్రికా దేశాల న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పిన మీదట 2020 మార్చిలో దానిని ఎత్తివేశారు.

టాంజానియాలో మగుఫులి 2021 మార్చిలో మరణించాడు. ఆయన స్థానంలోకి వచ్చిన సామియా సులుహు హసన్ ఆ దేశానికి మొదటి మహిళా అధ్యక్షురాలు. ఆ సంవత్సరం నవంబరులో నిషేధం రద్దయింది. బడి విడిచినవారు తిరిగి చేరడానికి రెండేండ్ల గడువు పెట్టారు. 2017 లో పదిహేనవ ఏట పుస్తకాలు వదిలి ఇంటికి పోయిన బాలికకు ఆ ఉత్తర్వు నాటికి పందొమ్మిదేండ్లు, బిడ్డకు నాలుగేండ్లు. గడువు దాటి రెండేండ్లయింది.